ఒకే పెగ్గు, వేరువేరు మోతాదు: బరువును బట్టి లెక్క కట్టే పద్ధతి

హాస్టల్ గదుల్లోనూ పార్టీల్లోనూ అందరికీ సమానంగా పోయడమే స్నేహధర్మమని విద్యార్థులు అనుకుంటారు. గ్లాసులో కొలత సమానమైనా రక్తంలో చేరే మోతాదు సమానం కాదని చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. (ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు, డిగ్రీ విద్యార్థుల్లో చాలామందికి ఆ వయసు ఉండదు.)

ముందుగా ఆల్కహాల్ ఎన్ని గ్రాములో చూడాలి. తాగిన మిల్లీలీటర్లను సీసాపై ఉన్న శాతంతో గుణించి, 100తో భాగించి, వచ్చినదాన్ని 0.79తో గుణించాలి. 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో సుమారు 20 గ్రాములుంటాయి. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాములుంటాయి, అంటే రెండు పెగ్గులు. కనుక ‘బీరే కదా’ అన్న ధీమాకు ఆధారం లేదు.

ఆ గ్రాములను శరీర బరువు కిలోలతోనూ, స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ పేరుతో వాడుకలో ఉన్న గుణకంతోనూ భాగించి, 100తో గుణిస్తే 100 మి.లీ. రక్తంలో ఎన్ని మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉందో తెలుస్తుంది. గుణకం పురుషులకు సుమారు 0.68, స్త్రీలకు 0.55. ఆల్కహాల్ ఒంట్లోని నీటిలో కలుస్తుంది గాని కొవ్వులో పెద్దగా కలవదు. స్త్రీల శరీరంలో సగటున కొవ్వు పాలు ఎక్కువ, నీటి పాలు తక్కువ కావడంవల్ల అదే మద్యం వారి రక్తంలో మరింత చిక్కగా ఉంటుంది. ఇది ఓర్పుకో అలవాటుకో సంబంధించిన విషయం కాదు. కొవ్వువల్ల బరువు పెరిగినవారికి కూడా ఆ బరువు ఇచ్చే రక్షణ లెక్కలో కనిపించేదానికంటే తక్కువే.

రెండు పెగ్గులు తాగిన 60 కిలోల యువకుడికి 100 మి.లీ. రక్తంలో సుమారు 98 మిల్లీగ్రాములు, అదే బరువున్న యువతికి 121 వస్తాయి. యువతి 45 కిలోలే ఉంటే 160 దాటుతుంది. గంటకు దాదాపు 15 మిల్లీగ్రాములు మాత్రమే తగ్గుతాయి. కాఫీగాని, చన్నీటి స్నానంగాని ఈ వేగాన్ని పెంచవు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన పరిమితి 30 మిల్లీగ్రాములు. ఆ యువకుడు దాని కిందికి రావడానికే నాలుగున్నర గంటలు, 60 కిలోల యువతికి ఆరు గంటలు పడుతుంది. ఇది అంచనా మాత్రమే. దీన్ని నమ్ముకుని బండి తీయకూడదు.

సమానంగా పోసే చోట ముందుగా ప్రమాదంలో పడేది తక్కువ బరువున్నవారే. ఎవరైనా పిలిచినా లేవకపోయినా, శ్వాస నెమ్మదించినా, వాంతి గొంతులోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటరిగా వదలకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. వార్డెన్‌కు తెలుస్తుందన్న భయంతో ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.