క్రూజ్ ఎక్కే ముందు ఒక్క మాట: బిడ్డను ఎత్తి సముద్రం చూపించకండి

పోయిన వారం మా వీధిలో ఒకావిడ ఫోన్ చేసింది. "అక్కా, పిల్లోడికి రెండేళ్లు నిండినాయి. చెన్నై నుంచి షిప్పులో పోదామనుకుంటుండాం. ఏమేం తీసుకోవాల?" అని అడిగింది. బట్టలు, డయాపర్లు, మందుల గురించి ఏదో చెప్పి పెట్టేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. అసలు చెప్పాల్సింది చెప్పలేదని గుర్తొచ్చింది. పొద్దున్నే మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

2025 జూన్ 29న బహామాస్ నుంచి ఫ్లోరిడాకు తిరిగొస్తున్న ఒక పెద్ద క్రూజ్ షిప్పులోంచి ఐదేళ్ల పాప సముద్రంలో పడిపోయింది. ఫోటో కోసం కిటికీ అంచు మీద కూర్చుని, పట్టు తప్పి పడింది. తండ్రి వెంటనే దూకాడు. రెస్క్యూ బోటు వచ్చేదాకా ఇరవై నిమిషాల పాటు పాపను నీళ్ల మీద నిలబెట్టుకున్నాడు. ఇద్దరూ బతికారు. ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా తిరిగింది. అందరూ తండ్రిని మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. పాప ఆ అంచు మీద ఎందుకుందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

2019 జూలైలో ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ రేవులో జరిగింది ఇంకా ఘోరం. షిప్పు రేవులో ఆగి ఉంది.  11వ డెక్ (అంతస్తు) మీద ఒక తాత తన ఏడాదిన్నర మనవరాలిని ఎత్తి కిటికీ ముందున్న రైలింగ్ మీదికి చేర్చాడు. అద్దం ఉందనుకున్నానని తర్వాత చెప్పాడు. ఆ అద్దం తెరిచి ఉంది. పాప దక్కలేదు. ఆ తాత మీద కేసు పెట్టారు, కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. బిడ్డంటే ప్రాణం పెట్టే మనిషి చేతుల్లోంచే బిడ్డ పోయింది.

మన తిరుపతిలో క్రూజ్ అనగానే పెద్దవాళ్లు అడిగేది "మునిగితే?" అని. ఆ భయం ఊరికే రాలేదు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పడవలో తిరుపతివాళ్లూ ఉన్నారు. కానీ సముద్రంలో తిరిగే పెద్ద షిప్పు ఆ పడవలాంటిది కాదు. పసిబిడ్డతో వెళ్లేవాళ్లకు అసలు భయం షిప్పు మునగడం గురించి కాదు, మన చేతుల గురించి.

ఎందుకంటే ఎత్తి చూపించడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. గరుడ సేవ నాడు మాడ వీధిలో వాహనం కనిపించగానే "స్వామి చూడు, స్వామి చూడు" అంటూ బిడ్డను రెండు చేతులా పైకెత్తుతాం. గంగ జాతరలో వేషాలు చూపించడానికి భుజాల మీద కూర్చోబెట్టుకుంటాం. స్టేషన్‌లో రైలు వస్తుంటే ఎత్తుతాం. బిడ్డకు ఏదైనా చూపించాలంటే ముందు చేతులే లేస్తాయి, ఆలోచన తర్వాత వస్తుంది. మాడ వీధిలో కింద నేల ఉంటుంది, చుట్టూ పది మంది చేతులుంటాయి. డెక్ మీద రైలింగ్ దాటితే ఏమీ ఉండదు.

మా ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట మేం ఎనిమిది మందిమి చెన్నైలో షిప్పు ఎక్కాం. మా పాపకు అప్పుడు ఏడాదిన్నర. షిప్పు రేవు వదుల్తుంటే అందరం పైడెక్ మీద రైలింగ్ దగ్గరికి చేరాం. మా నాన్న పాపను ఎత్తి పైకడ్డీ మీద కూర్చోబెట్టి, నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు. ఫోటో తీయడానికి నేను ఫోన్ పైకెత్తాను. స్క్రీన్ మీద చూస్తే పాప వీపు వెనక నీళ్లు తప్ప ఏమీ లేవు. అప్పుడు నాకు కాళ్లు వణికాయి. "నాన్నా, దించు!" అని అరిచాను. "ఏం గాదులేమ్మా, పట్టుకోనుండా గదా" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే పాప ఏదో పక్షిని చూసి ఒక్కసారి ఎగిరింది. నడుం పట్టు జారింది. ఆయన చేతికి గౌను దొరికింది, ఆ గౌను పట్టుకునే లోపలికి లాగాడు. ఆ గౌను ఇప్పటికీ నా బీరువాలో ఉంది. తిరిగి ఇల్లు చేరేదాకా మా నాన్న పాపను మళ్లీ ఎత్తుకోలేదు.

"పట్టుకోనుండా గదా" అన్న మాటను నమ్మొద్దు. ఎవరు అన్నా నమ్మొద్దు. రెండేళ్ల బిడ్డ మారాం చేసి ఒళ్లు వెనక్కి విరిస్తే మంచం మీదే పట్టుకోలేం. డెక్ మీద చెమట ఉంటుంది, ఉప్పుగాలికి చేతులు జిగటగా ఉంటాయి, గాలి కొడుతుంటుంది, ఒక చేతిలో ఫోన్ ఉంటుంది.

ఒక లెక్క చూడండి. రెండేళ్ల బిడ్డ ఎత్తు సుమారు 34 అంగుళాలు. అమెరికా 2010లో చేసిన క్రూజ్ భద్రతా చట్టం ప్రకారం రైలింగ్ కనీసం 42 అంగుళాలు ఉండాలి. అంటే నేల మీద నిలబడ్డ బిడ్డ రైలింగ్ మీదుగా తనంతట తాను పడలేడు. పడాలంటే కుర్చీయో బల్లో ఎక్కాలి, లేదంటే మనం ఎత్తాలి. కుర్చీ సంగతి కింద చెబుతాను. రెండోది పూర్తిగా మన చేతుల్లో ఉంది.

మరి బిడ్డకు సముద్రం చూపించొద్దా? చూపించండి. మీరు కింద కూర్చోండి. చాలా షిప్పుల్లో రైలింగ్ కింద అద్దపు పలకలు ఉంటాయి, బిడ్డ నిలబడిన చోటినుంచే నీళ్లు కనిపిస్తాయి. భోజనాల హాల్లో తెరుచుకోని పెద్ద కిటికీలు ఉంటాయి, అక్కడ చూపించండి. చంకనెత్తుకోవాల్సి వస్తే రైలింగ్‌కు నాలుగు అడుగులు వెనక నిలబడండి. ముందుకు వెళ్లొద్దు. ఫోటో కోసం కూడా వెళ్లొద్దు.

బుక్ చేసేటప్పుడు

బాల్కనీ ఉన్న గది తీసుకోకండి. నాకు ఇందులో రెండో మాట లేదు. తెరుచుకోని కిటికీ ఉన్న గది తీసుకోండి, డబ్బూ తగ్గుతుంది. తప్పక బాల్కనీ గదే దొరికితే, లోపలికి అడుగు పెట్టగానే అక్కడి కుర్చీలు, టీపాయ్ గదిలోకి తెచ్చేయండి. బిడ్డ కుర్చీని రైలింగ్ దాకా ఈడ్చుకెళ్లడానికి మీరు స్నానానికి వెళ్లినంత సేపు చాలు. తలుపు పైగడియ ఎప్పుడూ వేసే ఉంచాలి.

ఆరు నెలల లోపు పిల్లల్ని చాలా షిప్పులు ఎక్కించుకోవు. సముద్రం మీద రోజుల తరబడి సాగే ప్రయాణాలకు ఏడాది నిండాలంటారు. పిల్లల క్లబ్బుల్లో సాధారణంగా మూడేళ్లు నిండి, డయాపర్ మానేసినవాళ్లనే చేర్చుకుంటారు. "అక్కడ ఆయాలు చూసుకుంటారులే" అనుకుని డబ్బు కట్టకండి. బిడ్డకు ఊయల మంచం కావాలని బుకింగ్ అప్పుడే రాయించండి. పైబెర్త్ మీద బిడ్డను పడుకోబెట్టొద్దు, పక్కన మీరున్నా సరే.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు చెన్నై ఎలా మునిగిందో మనం చూశాం. మొదటి ప్రయాణం, అదీ పసిబిడ్డతో, ఆ నెలల్లో పెట్టుకోవద్దు.

విదేశీ రేవు ఉన్న ప్రయాణమైతే బిడ్డకు సొంత పాస్‌పోర్ట్ ఉండాలి. తల్లి పాస్‌పోర్ట్ సరిపోదు. ముందు రోజే చెన్నై చేరి అక్కడే పడుకోండి. తెల్లారుజామున తిరుపతిలో బయల్దేరి పుత్తూరు, నగరి మీదుగా పోయి అందుకుంటామంటే, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామని చెప్పినా షిప్పు ఆగదు.

మందులు, తిండి

ఇది జాగ్రత్తగా చదవండి. తిరుమల ఘాట్ రోడ్డులో వాంతులు రాకుండా మన ఇళ్లలో అవోమిన్ వేసుకోవడం మామూలే. పిల్లలకూ సగం బిళ్ల నూరి పోసేవాళ్లను చూశాను. అందులో ఉండేది ప్రోమెథజైన్. రెండేళ్లలోపు పిల్లలకు అది ఇవ్వనే కూడదు. ఊపిరి మందగించి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. రెండేళ్లు దాటినా పిల్లల డాక్టర్ చెప్పకుండా ఇవ్వొద్దు. నిజానికి రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణపు వాంతులు చాలా అరుదు, రెండేళ్లు దాటిన పిల్లలకే ఎక్కువగా తిప్పుతుంది. పారాసిటమాల్ సిరప్, ఓఆర్ఎస్ పెట్టుకోండి. మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టర్ చేత రాయించుకోండి. షిప్పులో డాక్టర్ ఉంటారు కానీ పిల్లల డాక్టరే ఉంటారన్న నమ్మకం లేదు.

చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, కెటిల్ పెట్టెలో సర్దుకుంటారు, బిడ్డకు జావ కాయొచ్చని. గదిలో మంట ప్రమాదం కాబట్టి వాటిని స్కానింగ్ దగ్గరే తీసేసుకుంటారు. సీలు విప్పని బేబీ ఫుడ్ తీసుకెళ్లండి. పెరుగన్నం, మెత్తగా ఉడికించిన కూర లాంటివి భోజనాల హాల్లో అడిగితే చేసిస్తారు.

షిప్పుల్లో వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి పాకడానికి ఎక్కువగా కారణం నోరోవైరస్. శానిటైజర్ దాని మీద సరిగా పనిచేయదు. బిడ్డ చేతులు సబ్బుతో, నీళ్లతో కడగండి. ప్రతిసారీ.

షిప్పు ఎక్కాక

మొదటి రోజే భద్రతా డ్రిల్ ఉంటుంది. బిడ్డ నిద్రపోతోందని ఎగ్గొట్టకండి. పసిపిల్లల సైజు లైఫ్ జాకెట్ అప్పుడే అడిగి తీసుకుని, ఒకసారి తొడిగి చూడండి. పెద్దవాళ్ల జాకెట్ బిడ్డకు తొడిగితే నీళ్లలో జారి పైకి వచ్చేస్తుంది. ఏడు చిన్న కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వినిపిస్తే అది ప్రమాద సంకేతం. బిడ్డను ఎత్తుకుని చెప్పిన చోటికి వెళ్లాలి, పెట్టెల కోసం గదికి కాదు.

ఎనిమిది మంది వెళ్తే ఎనిమిది మందీ బిడ్డను చూస్తున్నట్టే ఉంటారు. ఎవరూ చూడరు. అందుకే నోటితో చెప్పి అప్పగించండి. "బిడ్డ ఇప్పుడు నీ దగ్గర" అనాలి, అవతలివాళ్లు "ఆ, నా దగ్గరే" అనాలి. ఆ మాట రాకుండా చేయి వదలొద్దు.

డయాపర్ వేసుకునే బిడ్డను చాలా షిప్పుల్లో పూల్‌లోకి రానివ్వరు, స్విమ్ డయాపర్ అయినా సరే. గొడవ పడకండి.

చాలా షిప్పుల్లో పూల్ దగ్గర లైఫ్ గార్డ్ ఉండడు.

బిడ్డ నీళ్లలో ఉంటే మీ చేయి అందేంత దూరంలోనే ఉండండి. గాలి ఊదిన రబ్బరు ట్యూబ్ లైఫ్ జాకెట్ కాదు. మునిగే పిల్లలు అరవరు.

గది తలుపులు బరువుగా ఉంటాయి, గాలికి ధడాలున మూసుకుంటాయి. బిడ్డ వేళ్లు చూసి వేయండి.

డెక్ తలుపుల దగ్గర గడప ఎత్తుగా ఉంటుంది. నడిపించొద్దు, ఎత్తి దాటించండి.

తిరుమలలో బ్రహ్మోత్సవాలప్పుడు పిల్లల చేతికి ట్యాగ్ కట్టినట్టే, గది నంబరు, మీ పేరు రాసి చేతికి కట్టండి. సముద్రం మీద ఫోన్ సిగ్నల్ ఉండదు.

డెక్ మీద స్ట్రోలర్ ఆపితే బ్రేక్ వేయండి. రైలింగ్ వైపు మొహం పెట్టి ఆపొద్దు.

రాత్రి డెక్ మీదికి బిడ్డతో వెళ్లొద్దు.

తాగినవాళ్ల చేతికి బిడ్డను ఇవ్వొద్దు. చిన్నాన్న అయినా, బావ అయినా.

షిప్పులో పరిచయమైనవాళ్లు "ఇటివ్వండి, పాపను ఒక ఫోటో తీస్తాం" అంటే ఇవ్వొద్దు.

ఎవరైనా నీళ్లలో పడితే గట్టిగా అరవండి. దగ్గర్లో ఉన్న లైఫ్ రింగ్ విసరండి. ఒకరు పడిన చోటికి వేలు చూపిస్తూ కళ్లు తిప్పకుండా ఉండాలి. అలల్లో తల ఒక్కసారి కనిపించకుండా పోతే మళ్లీ దొరకదు. మీరు దూకొద్దు. ఫ్లోరిడా తండ్రి బతికాడు కదా అనుకోవద్దు, ఆయనకు వెన్నెముక విరిగింది.

కిటికీకి అద్దం ఉందో లేదో చేత్తో తట్టి చూసి కూడా బిడ్డను అంచు మీద కూర్చోబెట్టొద్దు. అద్దం ఉన్నా కూర్చోబెట్టొద్దు. ఒక కిటికీ దగ్గర అలవాటైన బిడ్డ రెండో కిటికీ దగ్గర తనే ఎక్కుతుంది.

అవ్వకు, తాతకు ఇది ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని చెప్పండి. టికెట్లు తీసిన రోజే చెప్పండి. షిప్పు ఎక్కాక నలుగురిలో చెబితే నొచ్చుకుంటారు, మొహమాటానికి మీరూ ఊరుకుంటారు. మా నాన్నకు నేను ముందే చెప్పి ఉంటే ఆ రోజు ఆయన చేతులు లేచేవి కావు.

దిగే రోజు పొద్దున, చెన్నై కనిపించగానే అందరూ మళ్లీ రైలింగ్ దగ్గరికి పరుగెత్తుతారు, చివరి ఫోటో కోసం. మీరు వెళ్లకండి. బిడ్డను చంకనెత్తుకుని లోపలి కిటికీ దగ్గరే ఉండండి.