చాదస్తం అనుకున్నది ఆటిజం కావచ్చు: మనలో, మనవాళ్ళలో గుర్తించడం ఎలా?

మా అక్క కొడుకుకు మూడేళ్ళు దాటినా మాటలు రాలేదు. "వాళ్ళ నాన్న కూడా ఐదేళ్ళకు గానీ నోరు విప్పలేదు, ఇప్పుడు ఏం తక్కువయ్యాడు?" అని ఇంట్లో పెద్దలు కొట్టిపారేశారు. చివరికి ఆటిజం పరీక్షలకు తీసుకెళ్ళిన రోజు తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడి వైద్యులు అడిగే ప్రశ్నలకు అక్క వాడి గురించి జవాబులు చెబుతుంటే, పక్కన కూర్చున్న నేను మనసులో నా గురించి జవాబులు చెప్పుకుంటున్నాను. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. తిరుపతిలో లెక్కలు చూసే ఉద్యోగం, పెళ్ళి, సొంత ఇల్లు అన్నీ ఉన్నాయి. బంధువుల్లో నాకున్న పేర్లు మాత్రం రెండే: పొగరు, చాదస్తం.

ఆటిజం అంటే నలుగురితో కలిసే తీరు, శబ్దం, స్పర్శ వంటివి తెలిసే తీరు చిన్ననాటి నుంచే వేరుగా ఉండడం. దాని గురించి ఆ తర్వాత చదివి, వైద్యులను అడిగి, కొన్ని తప్పులు చేసి నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇదంతా వైద్యుడి దగ్గరికి వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని చేసుకోవలసిన పని. నిర్ధారణ చేయడం వారి వంతు.

ముందుగా ఒక నోటుబుక్కు

పేజీని నిలువుగా మూడు గడులు చేయండి. మొదటి గడిలో ఏం జరిగిందో, రెండో గడిలో ఎందుకలా చేశారో, మూడో గడిలో ఆ తర్వాత ఒంటికీ మనసుకూ ఏమైందో రాయండి. అందరూ మొదటి గడి నింపి ఆగిపోతారు. అసలు సంగతి మిగతా రెండింటిలో ఉంటుంది.

కల్యాణ మండపంలో మూల కుర్చీల్లో కూర్చున్న ముగ్గురిని ఊహించుకోండి. ఒకరికి ఏం మాట్లాడాలో తెలుసు, నవ్వుతారేమోనని భయం. అది సిగ్గు. ఇంకొకరికి జనం మీద పెద్దగా ఆసక్తి లేదు, భోంచేసి ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతారు. మూడో మనిషికి అందరితో కలవాలనే ఉంది. కానీ నలుగురు మాట్లాడుకుంటుంటే తన మాట ఎక్కడ కలపాలో అందదు. డోలు మోతలో పక్కవారి మాటలు ముద్దగా వినబడతాయి. మర్నాడంతా మంచం దిగలేరు. పెళ్ళి ఆల్బంలో మాత్రం ముగ్గురూ ఒకేలా ముభావంగా కనబడతారు.

ఏమేం వెతకాలి

1925లో గ్రున్యా సుఖరేవా అనే సోవియట్ వైద్యురాలు ఆరుగురు అబ్బాయిల గురించి, 1943లో లియో కానర్ అమెరికాలో 11 మంది పిల్లల గురించి రాశారు. ఆ తర్వాత చాలాకాలం దీన్ని పిల్లల సమస్యగా, అందులోనూ మగపిల్లల సమస్యగానే చూశారు. నా వయసు ఆడవాళ్ళు లెక్కలోకి రాకపోవడానికి అదొక కారణం. 2013లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో ఆస్పెర్గర్ వంటి వేరువేరు పేర్లను ఒకే 'ఆటిజం స్పెక్ట్రం' కిందికి తెచ్చింది. మన నోటుబుక్కుకు పనికివచ్చే కొలబద్ద అదే.

అందులో లక్షణాలు రెండు గుంపులు. మొదటి గుంపు నలుగురితో వ్యవహారానికి సంబంధించినది: సంభాషణలో ఇచ్చిపుచ్చుకోవడం, చూపులు సైగలు ముఖకవళికలు, స్నేహాలు ఏర్పరచుకుని నిలుపుకోవడం. ఈ మూడింటిలోనూ ఇబ్బంది ఉండాలి. రెండో గుంపులో నాలుగు ఉన్నాయి: చేతులు ఆడించడం, ఊగడం, ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అనడం వంటివి, అన్నీ ఒకే తీరుగా జరగాలన్న పట్టుదల, ఒక విషయం మీద విపరీతమైన మమకారం, శబ్దం, స్పర్శ, వాసన వంటివి అతిగానో అతి తక్కువగానో తెలియడం. వీటిలో కనీసం రెండు ఉండాలి. ఇవన్నీ చిన్ననాటి నుంచి ఉండాలి, రోజువారీ బతుకుకు అడ్డుపడుతూ ఉండాలి. ఏదో ఒక్కటి కనిపించగానే "నాకూ కాస్త ఆటిజం ఉంది" అనేసేవారిని చూస్తే నాకు చిరాకు. శబ్దమంటే పడనివాళ్ళందరూ ఆటిస్టిక్ కారు.

మొదటి గుంపును మన ఇళ్ళలో పట్టుకోవడానికి తెలుగు మర్యాదలే చాలు. మనవాళ్ళు 'కాదు' అనరు, 'చూద్దాం' అంటారు. వెళ్ళిపోతూ 'వెళ్తున్నాను' అనకూడదు, 'వెళ్ళొస్తాను' అనాలి. వడ్డించేటప్పుడు రెండుసార్లు వద్దనాలి, మూడోసారి పెట్టించుకోవాలి. మాటను మాటగానే తీసుకునే మనిషికి ఇదంతా అచ్చు వేయని నియమావళి. నేను పదేళ్ళప్పుడు ఒక ఇంటి నుంచి బయలుదేరుతూ "వెళ్ళొస్తాననకు, మనం మళ్ళీ ఇక్కడికి రాము కదా" అని అమ్మను అందరి ముందూ సరిదిద్దాను. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. మీ ఇంట్లో ఎవరైనా "చూద్దాం అన్నారుగా, ఎప్పుడు చూస్తారు?" అని నిజంగానే ఎదురుచూస్తుంటే, ఎత్తిపొడుపు అనుకోకుండా మొదటి గడిలో రాసుకోండి.

రెండో గుంపులో నన్ను పట్టించింది బండి నంబర్లు. 2001లో కేంబ్రిడ్జ్‌లో తయారైన 50 ప్రశ్నల ఆటిజం కొలమానంలో, బండ్ల నంబర్ ప్లేట్లు గమనిస్తారా అనే అర్థంలో ఒక ప్రశ్న ఉంటుంది. చిత్తూరు జిల్లా బండ్లకు ఏపీ 03 ఉన్న రోజుల్లో మా వీధి స్కూటర్ల నంబర్లన్నీ నాకు కంఠతా. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చినప్పుడు సొంతవాళ్ళెవరో ఊరు వదిలి వెళ్ళినట్టు బాధపడ్డాను. ఇష్టం అనేది ఎవరికైనా ఉంటుంది. దాని లోతును, అది దూరమైతే కలిగే అలజడిని చూడాలి.

ఇంద్రియాల జాబితా విడిగా రాయండి

దీనికి ఒక వారం తీసుకోండి. ట్యూబులైటు గుయ్‌మనడం వినబడుతుందా? స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలితే పళ్ళు జివ్వుమంటాయా? పట్టుచీర జరీ మెడకు తగిలితే ఇంక దేని మీదా ధ్యాస నిలవదా? బెండకాయ జిగురు రుచి తెలియకముందే కడుపులో తిప్పుతుందా? అటువైపు కూడా చూడాలి: సాయంత్రం దాకా ఆకలి తెలియకపోవడం, కాలు తెగి రక్తం కారుతున్నా ఎవరో చెబితే గానీ గమనించకపోవడం. ఈ రెండు తీరులూ ఒకే మనిషిలో ఉండవచ్చు. సంగటి ముద్ద మీద ప్రాణం పెట్టే మా అక్క కొడుకు అదే రాగిజావను ముట్టడు. వాడికి తేడా రుచిలో లేదు, గట్టిదనంలో ఉంది. అది తెలియక అక్క ఏడాది పాటు వాడితో యుద్ధం చేసింది.

వేషాన్ని లెక్కలోకి తీసుకోండి

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అని రోజుకొకటి కడతారు. మొక్కు తీరాక ఒళ్ళు కడుక్కుంటారు, ఇంటికి వచ్చేది మామూలు మనిషే. మాస్కింగ్, అంటే అసలు తీరును దాచుకుని అందరిలా కనబడడం, కూడా వేషం కట్టడమే, కానీ కడుక్కునే వేళ ఉండదు. ఎదుటివారి కళ్ళలోకి చూడలేక కనుబొమల మధ్య చూడడం, పక్కింటావిడ నవ్వును అద్దం ముందు సాధన చేయడం, ఫోను చేసేముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకోవడం, ఊగాలనిపిస్తే కాలి బొటనవేలితో సరిపెట్టుకోవడం. ఆడవాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. 'నలుగురిలో ఎలా ఉండాలి' అని చిన్నప్పటి నుంచి తర్ఫీదు ఇచ్చేది మనకే కదా.

అందుకే పైకి ఏమీ కనబడకపోతే మూడో గడి చూడమంటాను. బంధువుల ఇంట్లో రెండు గంటలు చక్కగా నవ్వి, ఇంటికి వచ్చి చీకటి గదిలో రెండు రోజులు మాట రాకుండా పడి ఉంటే, ఆ నవ్వు ఖరీదు అక్కడ తెలుస్తుంది.

చిన్ననాటి సాక్ష్యం

అమ్మనో పెద్దమ్మనో అడగండి. "చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్ని?" అంటే "బంగారం, అసలు అల్లరే లేదు" అంటారు, అది దేనికీ పనికిరాదు. విడివిడిగా అడగాలి: ఆడుకునేటప్పుడు బొమ్మలతో కథ ఆడేదాన్నా, వరసగా పేర్చేదాన్నా? బడికి వెళ్ళే దారి మారిస్తే ఏం చేసేదాన్ని? స్నేహితులు ఎంతమంది? పాత ప్రోగ్రెస్ కార్డుల్లో ఉపాధ్యాయులు రాసిన ఒక్క వాక్యం కూడా విలువైనదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆటిజం చాలావరకు వంశపారంపర్యం. అందువల్ల మీరు చెప్పేవన్నీ మీ ఇంట్లో మామూలుగానే కనబడవచ్చు. మా అమ్మ నా జాబితా మొత్తం విని "ఇందులో వింత ఏముంది? మీ తాత అంతే, నేనూ అంతే" అంది. ఏడేళ్ళుగా ఒకే కంచం తప్ప ఇంకొక దానిలో తినని మనిషి ఆమె.

ప్రశ్నావళులు, వాటి పరిమితులు

పైన చెప్పిన 50 ప్రశ్నలది ఏక్యూ. 80 ప్రశ్నలతో ఆర్‌ఏఏడీఎస్-ఆర్ ఉంది. మాస్కింగ్‌ను కొలవడానికి 2018లో 25 ప్రశ్నల క్యాట్-క్యూ వచ్చింది. ఆందోళన, ఏడీహెచ్‌డీ (ధ్యాస, నిలకడ కుదరకపోవడం) ఉన్నవారికి కూడా వీటిలో ఎక్కువ మార్కులు రావచ్చు. పైగా ఏక్యూలో ఉన్నట్టు మ్యూజియమా నాటకశాలా, ఏది ఇష్టం అని అడిగితే కొర్లగుంటలోనో పీలేరులోనో ఉన్న మనిషి ఏమని చెప్పాలి? జవాబుతో పాటు ఒక ఉదాహరణ రాసుకుంటూ పోండి, మార్కుల కంటే ఆ ఉదాహరణలే అక్కరకొస్తాయి. ఏడీహెచ్‌డీ, ఆటిజం రెండూ కలిసి ఉండవచ్చు. వస్తువులు సరిగా అమర్చకపోతే కీడు జరుగుతుందన్న భయంతో అమర్చేవారిది ఓసీడీ (ఆపుకోలేని ఆలోచనలు, చేష్టలు) కావచ్చు. అమరిక చూసి ప్రాణం కుదుటపడేవారి సంగతి వేరు. మళ్ళీ రెండో గడే.

ఎదుటివారిలో కనిపిస్తే

ముఖం మీద "నీకు ఆటిజం" అనకండి. నేను ఉత్సాహం ఆపుకోలేక మా బావగారితో అన్నాను, ఆరు నెలలు మాట్లాడలేదు. ముందు మీ పద్ధతి మార్చుకోండి. 'కాసేపట్లో' అనకుండా 'ఆరున్నరకు' అనండి. 'ఇల్లు కాస్త చూడు' అనకుండా 'హాలు ఊడ్చి, గిన్నెలు కడుగు' అనండి. 2012లో డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు చెప్పింది ఇదే: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపే ఉండదు, ఆటిస్టిక్ కానివారు కూడా ఆటిస్టిక్ మనుషుల్ని అంతే అపార్థం చేసుకుంటారు.

తిరుమలకు తీసుకెళ్ళాల్సి వస్తే జనం కంటే కంపార్ట్‌మెంట్ తలుపు ఎప్పుడు తెరుస్తారో తెలియకపోవడమే వాళ్ళను ఎక్కువగా కుంగదీస్తుంది. సమయం రాసి ఉండే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు, చెవులకు అడ్డు, తెలిసిన తిండి దగ్గర ఉంచుకోండి. పిల్లవాడు కిందపడి అరుస్తుంటే అది మొండితనం కాకపోవచ్చు. తిట్టడం, బుజ్జగించడం రెండూ ఆపి, వెలుతురు, శబ్దం తక్కువగా ఉన్న చోటికి జరగండి.

పసిపిల్లల విషయంలో ఆగవద్దు

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకు కూడా వేలితో చూపించి "అదిగో" అనకపోవడం, రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం: వీటిలో ఏది కనిపించినా ముందు వినికిడి పరీక్ష, వెంటనే పిల్లల వైద్యుడు. టీకాల వల్ల వచ్చిందేమోనని ఎవరైనా అంటే, ఆ పుకారుకు మూలమైన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో ఉపసంహరించుకుందని చెప్పండి.

ఎక్కడికి వెళ్ళాలి

పెద్దవారైతే మానసిక వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్టు కోసం 40 అంశాల భారతీయ కొలమానం ఐసాతో అంచనా వేస్తారు. రిజర్వేషన్ వంటి వాటికి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. సర్టిఫికెట్టు అందరికీ అవసరం లేదు, నేను తీసుకోలేదు.

ఓపీకి పొద్దున్నే వెళ్ళండి, పది దాటితే ఆ గోలలో మీకే మాట రాదు. మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. "పెళ్ళయింది, ఉద్యోగం చేస్తున్నారు, కళ్ళలోకి చూసి మాట్లాడుతున్నారు, మీకు ఆటిజం ఏమిటి?" అని నేను కలిసిన మొదటి వైద్యుడు నవ్వేశారు. నేను చూస్తున్నది ఆయన కనుబొమల మధ్య. రెండో వైద్యురాలి దగ్గర వాదించకుండా నోటుబుక్కులో మూడో గడి ఉన్న పేజీలు ముందు పెట్టాను. ఆమె ఇరవై నిమిషాలు చదివారు. ఆ పేజీలను ముందే జిరాక్స్ తీయించుకోండి, వాళ్ళ ఫైల్లో పెట్టిన కాగితం మళ్ళీ మీ చేతికి రాదు.