టెక్సస్‌లో లాన్ తగ్గించి నీటి ఆదా మొక్కలు పెట్టాలంటే: హెచ్‌ఓఏ అనుమతి తెచ్చుకోవడం ఎలా?

“చట్టం మనవైపే ఉందట, లాన్ పీకేయొచ్చట.” ఫ్రిస్కో, ప్లేనో, కేటీ వైపు ఇళ్లు కొన్న మనవాళ్లు తరచూ అనే మాట ఇది. ఇందులో నిజం సగమే. ఆ సగాన్ని పట్టుకుని ముందు గడ్డి పీకించి, తర్వాత హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) నుంచి నోటీసు వస్తే లబోదిబోమనడం మామూలైపోయింది.

టెక్సస్ ప్రాపర్టీ కోడ్ సెక్షన్ 202.007 ప్రకారం డ్రిప్‌నూ (బిందు సేద్యం) వాననీటి పీపాలనూ హెచ్‌ఓఏ కాదనకూడదు. 2013 సవరణతో కరువును తట్టుకునే మొక్కలు, నీళ్లు తక్కువ తాగే గడ్డి కూడా ఆ జాబితాలో చేరాయి. అయితే ప్లాన్ ముందే ఇమ్మని అడిగే హక్కు కూడా హెచ్‌ఓఏకి ఆ సెక్షనే ఇచ్చింది. కంకర, రాళ్లు, కాక్టస్‌ల మీద ఆంక్షలు పెట్టుకోనిచ్చింది. పీపాను ఇంటికీ వీధికీ మధ్య పెట్టొద్దనవచ్చు, దాని రంగు ఇంటి రంగుతో కలవాలనవచ్చు.

కావలసినవి కొద్దే: ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాగితం, కొలతల టేపు, మీ హెచ్‌ఓఏ ల్యాండ్‌స్కేప్ మార్గదర్శకాలు, ఆర్కిటెక్చరల్ కమిటీ (ఇంటి బయటి మార్పులకు అనుమతిచ్చే హెచ్‌ఓఏ కమిటీ) దరఖాస్తు ఫారం. సర్వే మీద ఇంటి ముందు యార్డ్‌ని కొలవండి. ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టీని సాధారణంగా సిటీ హక్కు కింద ఉంచుతారు కాబట్టి దాన్ని విడిగా గుర్తుపెట్టండి. అక్కడి చెట్టు జోలికి సిటీని అడక్కుండా వెళ్లొద్దు.

ప్లాన్ గీయడం

దరఖాస్తులు తిరిగొచ్చేది ఇక్కడే. “లాన్ తీసేసి జెరిస్కేప్ (తక్కువ నీళ్లతో పెంచే తోట) చేయదలిచాం” అని ఒక్క వాక్యం రాసి పంపితే కమిటీ కళ్లముందు కనిపించేది ఎడారి, నాలుగు రాళ్లు, ఒక కాక్టస్. ఆ మాట రాయనే రాయకండి. “కరువును తట్టుకునే మొక్కల పాదులు, కొంత లాన్ అలాగే ఉంటుంది” అని రాయండి. చట్టం కాపాడేది కూడా దాన్నే.

గ్రాఫ్ కాగితం మీద అంగుళానికి పది అడుగుల చొప్పున గీయండి. ప్రతి పాదుకూ విస్తీర్ణం, మొక్క పేరు, ఎన్ని మొక్కలు, పూర్తిగా ఎదిగాక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, అన్నీ రాయాలి. ఎదిగాక కొలత రాయకపోతే కమిటీ నర్సరీ కుండీలో ఉన్న చిన్న మొక్కను ఊహించుకుని “బోసిగా ఉంటుంది” అంటుంది.

లెక్క ఇలా ఉండాలి. ముందు యార్డ్ 1,200 చదరపు అడుగులనుకుందాం. 750 లాన్‌గా వదిలి 450 పాదు చేస్తున్నారు. మూడడుగుల వెడల్పుకు ఎదిగే మొక్కకు తొమ్మిది చదరపు అడుగులు, అంటే 50 మొక్కలు. మల్చ్ (మొక్కల చుట్టూ నేల మీద పరిచే చెక్కపొట్టు) మూడంగుళాల మందం చొప్పున సుమారు 112 ఘనపు అడుగులు, రెండు ఘనపు అడుగుల సంచులైతే 56. ఈ అంకెలు కాగితం మీద కనబడితే కమిటీకి సగం ప్రశ్నలు తగ్గుతాయి.

మొక్కలు ఐదారు రకాలు మించకూడదు. గోడ వెంట డ్వార్ఫ్ యాపాన్ హోలీ, మధ్యలో గల్ఫ్ మ్యూలీ గడ్డి, సాల్వియా గ్రెగ్గీ, అక్కడక్కడ రెడ్ యక్కా. శీతకాలంలోనూ పచ్చగా ఉండేవి కనీసం సగం ఉండాలి. మ్యూలీ ఒక్కటే నింపితే జనవరిలో ఎండుగడ్డి వాములా కనిపించి ఫిర్యాదు వస్తుంది. రెడ్ యక్కా పేరు చూసి కమిటీలో ఎవరో ఒకరు కాక్టస్ అనుకుంటారు. అది కాక్టస్ కాదని రాసి ఫోటో జతచేయండి. కరివేపాకు, మందారం ఈ ప్లాన్‌లో రాయకండి. డాలస్ వైపు మంచుకు నిలవవు, వాటి చోటు వెనక పాటియోలో కుండీలోనే.

రాళ్లు మాత్రం వద్దు. అంతా తెల్ల కంకర పోయించి నీళ్లు ఆదా అనుకునేవాళ్లున్నారు. ఆగస్టులో ఆ కంకర వేడెక్కి పక్కనున్న మొక్కల్ని మాడుస్తుంది. రెండేళ్లకు రాళ్ల మధ్య దుమ్ము చేరి అందులోనే కలుపు మొలుస్తుంది. పైగా కంకర విషయంలో చట్టం మీకు అండగా లేదు.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. ఉత్తర టెక్సస్‌లో చాలాచోట్ల ఉండే నల్లరేగడి ఎండితే కుంచించుకుపోతుంది, ఫౌండేషన్ కదులుతుంది. స్ప్రింక్లర్లు పూర్తిగా కట్టేయకుండా, గోడకు అడుగున్నర దూరంలో డ్రిప్ లైను చూపించండి. ఆ జోన్‌కి (ఒకే వాల్వుతో నడిచే పైపుల భాగానికి) ఫిల్టరు, ప్రెషర్ రెగ్యులేటరు ఉంటాయని రాయండి. ఒకే జోన్‌లో స్ప్రే హెడ్లు, డ్రిప్ కలపకూడదు. స్ప్రేకి పది నిమిషాలు సరిపోతే డ్రిప్‌కి చాలా ఎక్కువసేపు కావాలి. రెండిట్లో ఒకటి మునుగుతుంది, లేదా ఎండుతుంది.

అంచుకి నాలుగంగుళాల స్టీల్ ఎడ్జింగ్ మాత్రమే. ప్లాస్టిక్‌ది ఎండకు వంకర్లు తిరుగుతుంది, దాని కిందనుంచి బెర్ముడా గడ్డి పాదులోకి దూరుతుంది.

పంపడం, జవాబు

ఆగస్టు చివర్లో పంపండి, అక్టోబరులో నాటొచ్చు. ఈమెయిల్‌లో పంపినా, పోర్టల్‌లో పెట్టినా, అందినట్టు రసీదు దాచుకోండి. 40కి పైగా లాట్లున్న సంఘమైతే, తిరస్కరణ రాతపూర్వకంగా ఉండాలి, కారణమూ కావాల్సిన మార్పులూ వివరంగా చెప్పాలి. నోటీసు పంపిన 30 రోజుల్లో మీరు బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు. “చుట్టుపక్కల ఇళ్లతో కలవదు” అని ముక్తసరిగా రాస్తే, ఏ మొక్క, ఏ పాదు అని అడగండి. సహేతుకమైన కారణం లేకుండా అందం పేరుతో కాదనడానికి వీల్లేదని 202.007 చెబుతోంది. వాదన పెంచడం కన్నా ఒక పాదు మార్చి తిరిగి పంపడమే త్వరగా తేలుతుంది.

అనుమతి వచ్చాక తవ్వే ముందు 811కి కనీసం రెండు పనిదినాల ముందు ఫోన్ చేయాలి. గ్యాస్, కేబుల్ లైన్లు ఉచితంగా గుర్తుపెట్టి వెళతారు. బెర్ముడాను ఊరికే తవ్వితే చాలదు, వేరు ముక్క మిగిలినా మళ్లీ వస్తుంది. మొక్కలు నాటాక ఇటుక గోడ అడుగున నీరు కారడానికీ గాలికీ వదిలిన సందులు మల్చ్‌తో మూసుకుపోకుండా చూడండి. నర్సరీలో ఒక మొక్క దొరక్క మరొకటి పెట్టాల్సి వస్తే, నాటకముందే కమిటీకి ఒక ఈమెయిల్ పంపి, వాళ్ల జవాబును అనుమతి పత్రంతో కలిపి ఉంచండి.