ఇద్దరబ్బాయిల ప్రేమకథని వైజాగ్‌లో తక్కువ డబ్బుతో తీసేటప్పుడు

చిన్న బడ్జెట్ గే సినిమాలు చాలావరకు రాతలోనే చెడతాయి. హీరోలిద్దరికీ ప్రేమ తప్ప వేరే బతుకుండదు. స్క్రిప్ట్ మొదలెట్టకముందే ఎవరెక్కడ పనిచేస్తారో, అద్దె ఎవరు కడతారో, ఇంటికి ఎన్నింటికి చేరాలో రాసుకోండి. గాజువాకలో నైట్‌షిఫ్ట్ చేసేవాడికీ, ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నలతో ఉండేవాడికీ కలుసుకోవడానికి చోటే దొరకదు. సగం కథ అక్కడే ఉంది.

తర్వాతి జబ్బు ఉపన్యాసం. పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధం నేరం కాదంటూ 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబర్ 6న వచ్చింది. దాన్ని పాత్ర చేత చదివించకండి. అమ్మ సంబంధం ఫొటో చేతిలో పెడుతుంది, వాడు చూడకుండానే "ఆకలేస్తంది, అన్నం ఎట్టమ్మా" అంటాడు. అంతకుమించి చెప్పక్కర్లేదు.

మన సముద్రం తూర్పున ఉంది. ఆర్కే బీచ్‌లో నీళ్ల మీద సూర్యాస్తమయం దొరకదు, సాయంత్రం పొద్దు ఊరి వెనక కొండల్లోకి దిగిపోతుంది. మొహాల మీద మెత్తటి వెలుగు కావాలంటే తెల్లారుజామున 5 గంటలకే ఇసుకలో ఉండి, పొద్దెక్కిన గంటలోపు ముగించాలి. అనుమతులు ముందే తీసుకోండి. ఏసీ గది నుంచి తెచ్చిన లెన్స్ ఇక్కడి ఉక్కకి మసకబారుతుంది, బ్యాగులోనే అరగంట ఉంచాక తీయండి. ట్యూబ్‌లైట్ కింద సెకనుకి 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్ పెడితే మిణుకు రాదు.

గాలిహోరుకి కెమెరా మైకు పనికిరాదు. కాలర్ మైకుని చొక్కా లోపల టేపుతో అంటించండి, బయటి మైకుకి బొచ్చు కవర్ తొడగండి. ప్రతి లొకేషన్‌లో ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా అక్కడి చప్పుడు రికార్డు చేయాలి. అది లేకపోతే ఎడిటింగ్‌లో అతుకులు వినిపిస్తాయి, వాటిని కప్పడానికి సినిమా పొడుగునా వయొలిన్ మోగించాల్సొస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ దగ్గరితనానికి కావాలి. ముద్దు దగ్గరికి రాగానే కెమెరా కర్టెన్ వైపు తిరిగితే సినిమాయే సిగ్గుపడినట్టుంటుంది. చెయ్యి ఎక్కడ పడాలో, ఎక్కడ ఆగాలో ఫైట్ సీన్‌లాగే ముందే కుదుర్చుకోండి. నటుల ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి, అయినా ఎవరు వద్దన్నా ఆ క్షణమే ఆపేయాలి. గదిలో అవసరమైనవాళ్లే ఉండాలి. ముద్దుకి ముందు అలవాటు కనబడాలి: ఒకే పొట్లంలో మురీ మిక్చర్ తింటూ ఒకడు ఉల్లిపాయలు ఏరి రెండోవాడికి వదిలేస్తాడు. ఇలాంటివి రిహార్సల్స్‌లోనే పుడతాయి, కనీసం మూడు రోజులు కేటాయించండి.

పోస్టర్ మీద పేరు వేయొచ్చా అని నటుల్నీ టెక్నీషియన్లనీ విడివిడిగా అడగండి. ఇంట్లో చెప్పుకోనివాళ్లు ఉంటారు.

ముగింపు తోచక ఒకణ్ణి చంపేయడం పాత అలవాటు. రెండు ముగింపులు రాసుకుని, ఇద్దరూ బతికున్నదే తీయండి.