ఐటీఐలో ఆన్‌లైన్ పాఠాలు: ఎక్కడ ఆగిపోతున్నాయి, ఎలా సరిచేసుకోవాలి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లతో ఆన్‌లైన్ పాఠాల సంగతి ఎత్తితే తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మన పిల్లలకు ఇవి పనికిరావు సార్." ఆ మాటతో నేను ఒప్పుకోను. మోటార్ తిరగకపోతే ఎలక్ట్రీషియన్ వెంటనే వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాలిపోయిందనడు. ముందు సప్లై వస్తోందా చూస్తాడు, తర్వాత ఫ్యూజులు, తర్వాత స్టార్టర్. పాఠం ఆగినప్పుడు కూడా ఆ వరుసలోనే వెతకాలి. పిల్లవాడి శ్రద్ధను అనుమానించడం అన్నిటికంటే చివర.

లైవ్ క్లాసులో అందరి పేర్లూ ఉంటాయి, అడిగితే ఒక్కరూ పలకరు

చాలాసార్లు కారణం ఫోనే. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ నాన్నతో పాటు డ్యూటీకి పోతుంది. సొంత ఫోన్ ఉన్నవాళ్లకు ఆ రోజు డేటా మధ్యాహ్నానికే అయిపోయి ఉంటుంది. వీడియో క్లాస్ గంటసేపు నడిస్తే వందల ఎంబీలు ఖర్చవుతాయి మరి. భాకరాపేట ఘాట్ మీదుగా బస్సులో ఇంటికి పోయే అబ్బాయిని ఆ టైములో లైవ్‌లో ఉండమనడం న్యాయం కాదు. పైగా జూన్, జూలై వచ్చాయంటే తోతాపురి సీజన్. లోడ్లు దించడానికో, గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టుకో వెళ్లే పిల్లలు ఉంటారు. ఆ కూలి డబ్బులు ఇంటికి అవసరం.

అందుకని లైవ్‌ను పట్టుకుని వేలాడొద్దు. పాఠాన్ని ఐదారు నిమిషాల ముక్కలుగా రికార్డ్ చేసి, 360పీ సైజులో పెట్టండి. భోజనం వేళ ఇన్‌స్టిట్యూట్ వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోనివ్వండి. ఫోన్ లేనివాళ్ల కోసం సాయంత్రం కంప్యూటర్ ల్యాబ్ తెరిచి ఉంచండి, కానీ వాళ్ల ఊరి బస్సు టైము కనుక్కుని.

ఆడపిల్లల విషయం వేరు. ఫోన్ ఉన్నా రాత్రిపూట చేతికివ్వని ఇళ్లు చాలా ఉన్నాయి. తల్లిదండ్రులను ఒకసారి పిలిచి, ఆ పాఠాలేవో వాళ్లకే చూపించండి. సాయంత్రం ఆరు దాటాక గ్రూపులో ఏ మెసేజూ రాదని చెప్పండి. చెప్పాక ఆ మాట మీద నిలబడండి.

క్విజ్‌లో పదికి పది, ఇనుప ముక్కను బిగించే వైస్ దగ్గర మాత్రం చెయ్యి ఆడదు

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి ట్రేడుల్లో 2022లో సవరించిన సిలబస్ ప్రకారం మొదటి ఏడాది 1200 గంటలు. అందులో 840 ప్రాక్టికల్, 240 థియరీ, మిగతాది ఎంప్లాయబిలిటీ స్కిల్స్ (ఉద్యోగానికి కావలసిన మెలకువలు). ఆన్‌లైన్ ప్రధానంగా ఆ 240 గంటల బరువు మోయాలి. కానీ ఆచరణలో వీడియో వచ్చి 840లోంచి గంటలు లాక్కుంటుంది. మెటీరియల్ లేదనో, మెషీన్ రిపేరులో ఉందనో ఆ పూటకు వీడియో వేసేస్తారు. పిల్లలు చూస్తారు, అర్థమైందంటారు. అర్థమైన మాట నిజమే. ఆకురాయి పట్టినప్పుడు మాత్రం రెండు చేతుల ఒత్తిడి సమంగా ఉండదు, జాబ్ (అరగదీస్తున్న ఇనుప ముక్క) అంచులు గుండ్రంగా అరిగిపోతాయి.

వెల్డింగ్‌లో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 3.15 ఎంఎం రాడ్డుకు ఆర్క్ (రాడ్డు కొనకూ లోహానికీ మధ్య వెలిగే మెరుపు) పొడవు దాదాపు 3 ఎంఎం ఉండాలని వీడియో చెబుతుంది. రాడ్డు కరుగుతూ పొట్టిదవుతుంటే చేతిని అదే వేగంతో దించడం చెయ్యే నేర్చుకోవాలి. ఆర్క్ సరిగ్గా ఉంటే వచ్చే ఒకే తీరు చిటపట శబ్దం ఫోన్ స్పీకర్‌లో సరిగా వినపడదు. ఇంకో ప్రమాదం ఉంది: స్క్రీన్ మీద ఆర్క్‌ను వట్టి కళ్లతో హాయిగా చూడొచ్చు. అలా చూసి అలవాటైనవాడు వర్క్‌షాపులో ముఖం మీదికి షీల్డ్ దించడానికి ఒక్క క్షణం ఆలస్యం చేస్తాడు. ఆ రాత్రంతా కళ్లలో ఇసుక పోసినట్టు మంట.

కాబట్టి వీడియో ప్రాక్టికల్‌కు ముందు రోజు రావాలి, ప్రాక్టికల్ బదులు రాకూడదు. వర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) రీడింగ్, మోటార్ స్టార్టర్‌కు చేసే స్టార్-డెల్టా వైరింగ్ డయాగ్రమ్, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) ప్రోగ్రామ్ లాంటివి ఫోన్‌లోనో సిమ్యులేటర్‌లోనో బాగా వస్తాయి. తప్పు చేసినా కేబుల్ కాలదు, టూల్ విరగదు, ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు. ఫైలింగ్ (ఆకురాయితో అరగదీయడం), వెల్డింగ్, వైండింగ్ వర్క్‌షాపులోనే. ఇంటి దగ్గర 230 వోల్టుల లైను మీద ప్రాక్టీస్ చేసి వీడియో పంపమని ఎవరికీ హోంవర్క్ ఇవ్వొద్దు. ఈ ఒక్క విషయంలో మినహాయింపులు లేవు.

ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చింది. పిల్లలు ఫైలింగ్ చేస్తుంటే పక్కవాడు ఫోన్‌లో తీయాలి. సాయంత్రం ఇన్‌స్ట్రక్టర్ ఆ క్లిప్ చూసి "మోచెయ్యి పైకి లేస్తోంది చూడు" అని వాయిస్ మెసేజ్ పెట్టాలి. తన చెయ్యి తాను చూసుకున్నవాడికి చెప్పింది వెంటనే ఎక్కుతుంది. హాజరు కూడా లాగిన్ లెక్కతో కాకుండా, ఆ రోజు జాబ్ మీద వర్నియర్ పెట్టిన ఫొటోతో వేయొచ్చు.

వీడియో బాగుంది, సగంలోనే ఆపేస్తున్నారు

భాష. కేంద్ర ప్రభుత్వ భారత్ స్కిల్స్ పోర్టల్‌లో పాఠాలు, ప్రశ్నల బ్యాంకులు ఉచితంగా ఉన్నాయి, వాడుకోండి. కానీ హిందీలోనో ఇంగ్లిష్‌లోనో సాగే వివరణ తెలుగు మీడియం పిల్లలకు మూడో నిమిషంలో చెయ్యి జారిపోతుంది. కుప్పం వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలూ ఉంటారు. మీ వర్క్‌షాపులో, మీ లేత్ దగ్గర నిలబడి, మీ మామూలు మాటల్లో మూడు నిమిషాలు చెప్పండి. ఎర్తింగ్, న్యూట్రల్, టాలరెన్స్ లాంటి మాటలను అలాగే ఉంచండి. రేపు శ్రీసిటీలోనో కరకంబాడిలోనో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ పలికేది ఆ మాటలే.

సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ ముందుకు రావడం లేదు

మొండితనం అనుకుంటాం. అడిగి చూస్తే రెండు భయాలు బయటపడతాయి. కెమెరా ముందు తడబడితే పిల్లలు నవ్వుతారేమోనన్నది ఒకటి. వీడియోలు తీశాక నాతో పనేముంది అనుకుంటారేమోనన్నది రెండోది. పైగా ఈ పనంతా డ్యూటీ అయ్యాకే చేయాలి.

ముఖం చూపించాల్సిన అవసరమే లేదు, చేతులు చూపిస్తే చాలు. తీయడం, ఎడిటింగ్ ఫోన్ బాగా తెలిసిన ఒక కుర్రాడికి ఇవ్వండి. వీడియో మీద ఇన్‌స్ట్రక్టర్ పేరు వేయండి. ముఖ్యంగా, ప్రిన్సిపాల్ గారు టైంటేబుల్‌లో దీనికి వారానికి రెండు పీరియడ్లు రాసివ్వాలి. అది లేకుండా మిగతా ఏ ప్రోత్సాహమూ నిలవదు.

సబ్జెక్టు వచ్చు, కంప్యూటర్ పరీక్షలో మార్కులు రావు

థియరీ పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. ఫోన్‌లో వేలితో నేర్చుకున్న పిల్లలకు మౌస్ కొత్త, టైమర్ చూస్తే టెన్షన్. తెలిసిన జవాబు మీద క్లిక్ చేసి, సేవ్ చేయకుండా ముందుకు పోతారు. మాక్ టెస్టులు ఫోన్‌లో కాకుండా ల్యాబ్‌లో కంప్యూటర్ మీదే పెట్టండి. పరీక్ష దగ్గరపడే దాకా ఆగకుండా, అడ్మిషన్లయిన మొదటి నెల నుంచే వారానికి ఒక గంట కూర్చోబెట్టండి.