టిష్యూ కల్చర్ మొక్కకు వేర్లు రాకపోతే ఎక్కడ వెతకాలి?

షూట్లు (ల్యాబ్ బాటిల్‌లో పెంచే లేత రెమ్మలు) పిలకలు వేసి బాటిల్ నిండా పచ్చగా ఉంటాయి. రూటింగ్ మీడియాలోకి, అంటే వేర్లు రప్పించే పోషక మిశ్రమంలోకి మార్చి మూడు వారాలైనా అడుగున ఒక్క తెల్లటి మొన కూడా కనిపించదు. అప్పుడు చాలామంది వెంటనే చేసే పని ఆక్సిన్ (వేర్లు పుట్టించే హార్మోన్) పెంచడం. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ వైపు ఉన్న మా చిన్న ల్యాబ్‌లో అరటి, టేకు పెంచుతూ నాకు గట్టిగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. మోతాదు మీద చేయి వేసే ముందు రెండు విషయాలు చూడాలి: షూట్ తన వెంట ఏ హార్మోన్ మోసుకొచ్చింది, ఆక్సిన్‌లో ఎన్ని రోజులు ఉంది.

వేర్లు లేవు, కానీ కాండం మొదలు దగ్గర కొత్త పిలకలు వస్తున్నాయి

బాటిల్‌ని లైటుకు ఎదురుగా పట్టుకుని అడుగు చూడండి. కాండం మొదట్లో చిన్న చిన్న పచ్చటి బుడిపెలు ఉంటే, బీఏపీ (రెమ్మలు వేయించడానికి వాడే సైటోకైనిన్ రకం హార్మోన్) ఇంకా లోపల పనిచేస్తోందని అర్థం. ఆక్సిన్‌దే పైచేయి అయితే వేర్లు, సైటోకైనిన్‌దే పైచేయి అయితే రెమ్మలు, రెండూ దాదాపు సమానంగా ఉంటే కాలస్ (రూపం లేని కణాల గడ్డ) అని 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలం మీద చూపించారు. ఆ లెక్కలో మీడియాలో మనం కలిపింది మాత్రమే కాదు, షూట్ కణాల్లో నిల్వ ఉన్నది కూడా వస్తుంది. లీటరుకు 3 నుంచి 5 మిల్లీగ్రాముల బీఏపీలో ఏడెనిమిది సబ్‌కల్చర్లు (కొత్త మీడియాలోకి మార్చడాలు) తిరిగిన షూట్‌ని తెచ్చి 1 మిల్లీగ్రాము ఐబీఏలో (వేర్ల కోసం వాడే ఒక ఆక్సిన్) పెడితే అది వెంటనే మాట వినదు. మామూలుగా సులువుగా వేళ్లూనే అరటి కూడా ఇలాంటప్పుడు మొండికేస్తుంది.

దీనికి మందు ఆక్సిన్ పెంచడం కాదు. హార్మోన్ లేని ఎంఎస్ (మురాషిగే-స్కూగ్ అనే పోషకాల మిశ్రమం) మీడియాలో, లీటరుకు 1 లేదా 2 గ్రాముల యాక్టివేటెడ్ చార్‌కోల్ కలిపి, రెండు మూడు వారాలు ఉంచండి. షూట్లు కాస్త సాగి 2, 3 సెంటీమీటర్లు అయ్యాక విడివిడిగా కోసి, సగం బలం ఎంఎస్‌లో 1 మిల్లీగ్రాము ఐబీఏతో పెట్టండి. ఆ మూడు వారాలు దండగ అనిపిస్తాయి కానీ కావు.

చార్‌కోల్ గురించి ఇక్కడే ఒక హెచ్చరిక. అది మంచి హార్మోన్, చెడ్డ హార్మోన్ అని చూడదు. ఐబీఏ కలిపిన మీడియాలోనే చార్‌కోల్ కూడా వేస్తే, మీరు తూచి వేసిన ఐబీఏలో చాలా భాగాన్ని అదే పీల్చేసుకుంటుంది.

వేర్లు వచ్చాయి, పట్టుకుంటే ఊడిపోతున్నాయి

మా దగ్గర కొత్తగా చేరిన ఒక అమ్మాయి టేకు బాటిళ్లు తెచ్చి, "మేడమ్, వేర్లు బాగానే వచ్చాయి కానీ, కడుగుతుంటేనే ఊడొస్తున్నాయి" అంది. ఒక మొక్క తీసి మొదలును బ్లేడుతో నిలువుగా చీల్చాం. కాండానికీ వేరుకీ మధ్య పటికబెల్లం ముక్కలాంటి గరుకు గడ్డ. అదే కాలస్. వేరు ఆ గడ్డలోంచి పుట్టింది కానీ, కాండంలోని నాళాలతో దానికి లంకె లేదు. కుండీలో పెడితే నీళ్లు పైకి ఎక్కవు, రెండు రోజుల్లో వాడిపోతుంది.

తన నోట్‌బుక్ చూస్తే కారణం దొరికింది. ప్రోటోకాల్‌లో 5 మైక్రోమోలార్ ఐబీఏ అని ఉంది, తను లీటరుకు 5 మిల్లీగ్రాములు వేసింది. ఐబీఏ అణుభారం సుమారు 203 కాబట్టి 5 మైక్రోమోలార్ అంటే లీటరుకు దాదాపు 1 మిల్లీగ్రామే. అంటే ఐదు రెట్లు పడింది! అప్పటినుంచి మా ల్యాబ్ గోడ మీద ఈ మార్పిడి పట్టిక అంటించి పెట్టాం.

మోతాదు సరిగ్గానే ఉన్నా కాలస్ వస్తుంటే ఎన్ఏఏ అనే ఇంకో ఆక్సిన్ వాడుతున్నారేమో చూసుకోండి. అది గట్టి మందు, చాలా మొక్కల్లో గడ్డ కట్టిస్తుంది. ఐబీఏకి మారి లీటరుకు 0.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టండి. కాలస్ పుట్టించడానికి వాడే ఆక్సిన్ 2,4-డీని రూటింగ్ దరిదాపులకు రానివ్వకండి.

వేర్లు పొట్టిగా, లావుగా ఉండి సాగడం లేదు

ఆక్సిన్ కావాల్సింది వేరు మొలక పుట్టడానికి, అదీ మొదటి కొన్ని రోజులే. ఆ తర్వాత అదే ఆక్సిన్ వేరు పొడవును ఆపుతుంది, పైగా బాటిల్‌లో ఇథిలీన్‌ను పెంచుతుంది. పాలు పొంగే దాకా మంట కావాలి, పొంగొచ్చాక తగ్గించకపోతే పాలు పొయ్యిపాలు. మేం 3 నుంచి 5 రోజులు ఐబీఏలో ఉంచి హార్మోన్ లేని సగం ఎంఎస్‌లోకి మారుస్తాం. పని రెట్టింపు అవుతుంది, నిజమే. మారుస్తున్నప్పుడు కంటామినేషన్ టెన్షన్ కూడా ఉంటుంది. అయినా మొండి మొక్కలకు ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

నిన్నటిదాకా పనిచేసిన మీడియా ఇప్పుడు పనిచేయడం లేదు

ముందు స్టాక్ (గాఢంగా కలిపి ఉంచుకున్న హార్మోన్ ద్రావణం) బాటిల్ చూడండి. ఐబీఏ నేరుగా నీళ్లలో కరగదు. 100 మిల్లీగ్రాముల పొడి మీద 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలుగా వేసి, పూర్తిగా కరిగాకే నీళ్లు మెల్లగా పోస్తూ 100 మిల్లీలీటర్లు చేయాలి. తొందరపడి ముందే నీళ్లు పోస్తే పొడి తెట్టులా తేలుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన స్టాక్ అడుగున సన్నటి మెరిసే రవ్వలు కనిపిస్తే, పైనున్న నీళ్లలో మీరు అనుకున్నంత హార్మోన్ లేనట్టే. దాన్ని పారబోసి కొత్తది చేయండి.

ఐబీఏ బదులు ఐఏఏ అనే ఆక్సిన్ వాడుతుంటే అనుమానం ముందు దాని మీదే. వెలుతురు తగిలితే మీడియాలో కొన్ని రోజుల్లోనే విరిగిపోతుంది, ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే పాత్ర) వేడికీ కొంత పోతుంది. చల్లారుతున్న మీడియాలో ఫిల్టర్ చేసి కలపాలి.

నీళ్లు కూడా చూసుకోండి. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని ఒక్క బ్యాచ్ కోసం రాజీ పడినా మీడియా పీహెచ్ (ఆమ్లత కొలత) కావాల్సిన 5.8 దగ్గర నిలవదు.

కోసిన చోట నల్లబడుతోంది

టేకు, దానిమ్మలో ఇది మామూలే. గాయం నుంచి కారే ఫినాల్స్ అనే రసాయనాలు మొదలును కాల్చేస్తాయి, వేరు పుట్టాల్సిన కణాలే చస్తాయి. మొదటి వారం చీకట్లో ఉంచండి, కొత్త బ్లేడు వాడండి.

ఏదీ అంతు చిక్కకపోతే

అన్నీ ఒకేసారి మార్చొద్దు. ఒకే బ్యాచ్ షూట్లు తీసుకుని ఐబీఏ 0, 0.5, 1, 2 మిల్లీగ్రాములతో పదేసి బాటిళ్లు పెట్టండి. సున్నా బాటిళ్లను వదిలేయొద్దు. వాటిలోనే వేర్లు వస్తే ఆ మొక్కకు ఆక్సిన్ అవసరమే లేదన్నమాట. బాటిల్ మీద తేదీ, స్టాక్ చేసిన రోజు, ఎన్నో సబ్‌కల్చరో మార్కర్‌తో రాయండి. పదో రోజున ఒకసారి, ఇరవయ్యో రోజున ఒకసారి వేర్లు లెక్కపెట్టి, ఒక్కో మోతాదు నుంచి ఒక మొక్క తీసి మొదలు చీల్చి చూడండి.