పుట్టింటికి బయల్దేరక ముందే: హెచ్‌ఐవీ ఉన్న గర్భిణికి, బిడ్డకు ఊళ్లో తోడు

కావలిలో మందులు తీసుకునే గర్భిణి కాన్పుకి చీమకుర్తి దగ్గరి పుట్టింటికి వెళ్తుంది. మందు తెగేది తరచూ ఇక్కడే. అందుకే ఆమె బయల్దేరక ముందే ఆశా కార్యకర్త ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) సెంటర్‌కి చెప్పి, ఒంగోలులో మందు అందేలా చూడాలి. మందుల పుస్తకం, కనీసం నెల మాత్రలు ఆమె సంచిలో ఉండాలి. మాత్రల్ని వేరే డబ్బాలో పోయనివ్వకండి, తేమకు పాడవుతాయి. చూపులు తప్పించుకోవాలంటే డబ్బాకి గుడ్డసంచి చాలు.

గర్భం 32–36 వారాల మధ్య వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) చేయించాలి. మిల్లీలీటరుకి 1000 కాపీలు దాటితే బిడ్డకు ఒకటి కాదు, రెండు సిరప్‌లు పడతాయి. ఆ సంగతి కాన్పుకి ముందే డాక్టరుకి తెలియాలి.

ఐరన్, క్యాల్షియం మాత్రలు హెచ్‌ఐవీ మాత్రలోని డోలుటెగ్రావిర్ మందుని ఒంటికి పట్టనివ్వవు. రాత్రి పదికి హెచ్‌ఐవీ మాత్ర వేసుకునేవాళ్లు ఇవి సాయంత్రం నాలుగులోపు ముగించాలి. ఐరన్, క్యాల్షియం కూడా ఒకేసారి వద్దు.

బిడ్డ పుట్టగానే, వైరస్ సోకకుండా కాపాడే నెవిరపిన్ సిరప్ మొదలవ్వాలి. పుట్టినప్పటి బరువు రెండున్నర కేజీలు దాటితే రోజుకోసారి 1.5 మి.లీ., రెండు నుంచి రెండున్నర అయితే 1 మి.లీ. అంతకంటే తక్కువుంటే డాక్టరే లెక్కకట్టాలి. సీసా బాగా కుదిపి, సిరంజితోనే కొలవాలి. చెంచా లెక్క నమ్మొద్దు. ఎన్ని వారాలన్నది డాక్టరు చెప్పినట్టే, ఆరు వారాలకి తగ్గదు.

అసలు గొడవ పాల దగ్గర. తల్లిపాలు ఇస్తే ఆరు నెలలు అవే ఇవ్వాలి. అమ్మమ్మ నాకించే వస, ఆముదం, తేనె, గ్రైప్ వాటర్, మధ్యలో డబ్బాపాలు, అన్నీ ప్రమాదమే. పేగు పొర దెబ్బతిని వైరస్‌కి దారి దొరుకుతుంది. కారణం చెప్పలేని ఇంట్లో "డాక్టరమ్మ పాలు తప్ప ఏదీ వద్దంది" అనడం చాలు.

ఆరు వారాల టీకా రోజే మడమ నుంచి రక్తపు చుక్క పరీక్ష కలిపేయండి, ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ మందు కూడా అప్పుడే మొదలవుతుంది. ఆ తర్వాత 6, 12, 18 నెలలకు, పాలు మాన్పించిన ఆరు వారాలకు మళ్లీ పరీక్ష. ఒక్క నెగెటివ్‌తో ఆపేస్తే పాల ద్వారా వచ్చింది కనిపించదు.

పాజిటివ్ వస్తే ఏఆర్‌టీ వెంటనే. పిల్లల డోసు బరువుని బట్టి మారుతుంది గనక ప్రతిసారీ తూకం వేయించండి.

ఆమెకు ఫోన్ చేసినప్పుడు హెచ్‌ఐవీ అనకండి, "చెకప్" అనే మాట చాలు. నమ్మి చెప్పిన విషయాన్ని ఆమె అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 హెచ్‌ఐవీ చట్టం నిషేధిస్తుంది. సందేహాలకు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097.